టీచరమ్మ గీసిన మూడో గడి

కాగితాన్ని ఆవిడ ముందు నిలువుగా చించింది, తర్వాత అడ్డంగా. కోపంతో చించలేదు. అక్కర తీరిన పాత కవరును చించినట్టు, అంచులు కలిపి పట్టుకుని నెమ్మదిగా చించింది. ఆ నాలుగు ముక్కల్నీ రెగ్జిను సంచీలో వేసుకుని గుండీ పెట్టుకుంది. గుడిసె గుంజ పక్కన కోటమ్మ రెండు చేతులతో నిండు నీళ్ళ చెంబు పట్టుకుని అట్లాగే నిలబడి ఉంది. ఆమె కూతురు చెంగమ్మకు ఎనిమిదో ఏడు నిండబోతోంది. పుట్టినప్పటినుంచీ వినపడదు, మాట రాదు. ఆ పిల్ల అప్పుడే అన్నం తినేసి, పళ్ళేనికి అంటిన పులుసు వేలితో తుడిచి నాకుతోంది.

"తిన్నది కదా టీచరమ్మా," అన్నాను.

"నువ్వు జరిపినాక తిన్నది," అంది ఆవిడ.

"వారంలోపల కాగితం మద్రాసు చేరాలి."

"పది రోజులు పోనీ. మళ్ళా వస్తా."

"నేను వారమంటే మీరు పది రోజులంటారేందమ్మా?"

ఆవిడ సంచీ చంకలో పెట్టుకుంది. గొడుగు తీసుకుని, వంగి, గుడిసెలోంచి బయటికి నడిచింది. చెంబు కింద పెట్టొచ్చో లేదో తెలియక కోటమ్మ నా మొహం చూసింది.

ఇది జరిగి పదేళ్ళు కావస్తోంది. పోయిన నెల టీచరమ్మ కన్నుమూసింది. ఆరు వాక్యాల వార్త పంపమని మా పేపరు ఆఫీసువాళ్ళు అడిగారు. ముప్ఫై ఏళ్ళుగా చావు వార్తలు రాస్తున్నవాణ్ణి, ఆరు వాక్యాలకు ఆరు నిమిషాలు చాలు. కానీ ఏ వాక్యం మొదలుపెట్టినా అది పులికాటు సరస్సు ఒడ్డున ఉన్న ఆ గుడిసెలోకే పోయింది, పోయిన ప్రతిసారీ నాకు కోపమే వచ్చింది. చివరికి ఆ వార్త ఇంకెవరో రాశారు. విశ్రాంత ఉపాధ్యాయిని, దైవభక్తి గలవారు, మృదుస్వభావి అని వేశారు. మూడోమాట చదివి నవ్వుకున్నాను. ఆవిడ ఎవరిమీదా గొంతెత్తని మాట నిజమే. కానీ ఆవిడతో ఒక పూట గడిపిన మనిషెవడూ ఆవిణ్ణి మృదుస్వభావి అనడు.

సూళ్లూరుపేటలో మిషన్ బడిలో పాఠాలు చెప్పి దిగిపోయిన మనిషి. అప్పటికి మద్రాసు మనది కాకుండాపోయి నాలుగైదేళ్ళయింది. వినపడని పిల్లలు, మాట రాని పిల్లలు, బుద్ధి నెమ్మదిగా ఎదిగే పిల్లలు చదువుకోవాలంటే మాత్రం మద్రాసే దిక్కు. వేరే రాష్ట్రం గనక నెల్లూరు ఆఫీసు ముద్ర వేసిన ఫారం కావాలి. పిల్ల ఏం అర్థం చేసుకుంటుంది, ఏం చెప్పగలదు, కొత్తది ఎంత త్వరగా పట్టుకుంటుంది, తిండి, స్నానం, బట్టలు, దొడ్డికి పోవడం ఇవన్నీ తనంతట తాను చేసుకుంటుందా లేదా అని ఆ ఫారంలో వరసగా అడుగుతారు. ఒకరెవరో పిల్లను చూసి నింపాలి. బురదలో నడిచి, పడవెక్కి, పూరిపాకల్లో దూరి చూసే ఓపిక మరొకరికి లేదు కాబట్టి ఆ పని టీచరమ్మకు పడింది.

ఆ ఫారంలో ప్రతి ప్రశ్నకూ ఎదురుగా రెండే గళ్ళు అచ్చువేశారు: చేస్తుంది, చేతకాదు. టీచరమ్మ ఎర్ర పెన్సిలుతో స్కేలు పెట్టి ఇంకో గీత గీసి మూడో గడి చేసేది. దాని నెత్తిన "చెయ్యనివ్వరు" అని రాసేది.

అన్ని తలనొప్పులకూ మూలం ఆ గీతే. సూళ్లూరుపేట బజారులో ఒక వర్తకుడి మనవరాలికి ఆవిడ పదకొండు వరసల్లో "చెయ్యనివ్వరు" గడిలోనే టిక్కులు పెట్టింది. ఆ పిల్లకు తల దువ్వడానికొకరు, మొహం కడగడానికొకరు. కాగితం చూసి నాయనమ్మ వీధిలోకి వచ్చింది.

"బిడ్డని కింద పెట్టకుండా సాకినామే, అది తప్పా అమ్మా నీకు?"

"తప్పని రాయలా పెద్దమ్మా. చూసింది రాసినా."

"చూసేదానికి నీకు మా ఇల్లే దొరికిందా?"

"మీరే కదా పిలిచినారు," అని టీచరమ్మ గొడుగు విప్పుకుని పోయింది.

నెల్లూరు ఆఫీసులో గుమాస్తా ఆ ఫారాల్ని తిప్పి పంపేవాడు. అచ్చు ఫారంలో లేని గడి ఉన్నందున వాపసు చేయడమైనది అని ప్రతి దానిమీదా ఒకటే మాట. ఆవిడ ఆ మాట కింద "గడి ఉంటుంది" అని రాసి మళ్ళీ అదే ఫారం పంపేది. ఒక్కో పిల్ల కాగితం ఇట్లా మూడుసార్లు రైలెక్కేది. నేనొకసారి ఆ గుమాస్తా దగ్గరికి పోయి బతిమాలాను. ఆయన మర్యాదగానే, "మీరు పేపరాయన, మీకు తెలియందేముందండీ, రేపు ఇంకొకావిడ నాలుగో గడి గీస్తుంది," అన్నాడు. అక్కణ్ణుంచి టీచరమ్మ దగ్గరికి పోయి ఆవిణ్ణీ బతిమాలాను.

"ఆ గీత ఒక్కటి మానుకోండి టీచరమ్మా. పిల్లలకు ఆలస్యమవుతోంది."

"మానుకుంటే ఆ పిల్లలందరూ ఏ గడిలో పడతారో చెప్పు."

"చేతకాదులో పడతారు. పడనీండి. మద్రాసు బడివాళ్ళు చూసుకుంటారు."

"చేతకాదన్న పిల్లని మద్రాసు బడివాళ్ళు రైలు దిగనిస్తారా?"

ఇట్లా ఉండేది ఆవిడతో మాట్లాడటం. అడిగిన ప్రతి ప్రశ్నా మన ఒళ్ళోకే తిరిగి వచ్చేది.

పరీక్ష అనే మాట ఆవిడ నోట నేను వినలేదు. "చెంగమ్మని చూడాలి", "ఫలానా పిల్లోణ్ణి ఇంకా చూళ్ళేదు" అనేది. ఒక్కో బిడ్డను మూడుసార్లు చూడాలని ఆవిడ నియమం. ఒకసారి బడి అరుగుమీద, ఒకసారి ఆ బిడ్డ ఇంట్లో, ఒకసారి ఆ బిడ్డకు ఇష్టమైన చోట. రెగ్జిను సంచీలో ఒక తాళంకప్ప, చెవి, నాలుగు గుండీల చొక్కా, ఇత్తడి పళ్ళెం, కొబ్బరి పీచుతాడు, రెండు మూడు రకాల గవ్వలు ఉండేవి. పళ్ళెం వెనకనుంచి కింద పడేసి పిల్ల తిరుగుతుందో లేదో చూసేది. గవ్వలు కలిపేసి ఊరుకునేది, ఏరమని చెప్పేది కాదు. తాళం వేసి చెవి పక్కన పెట్టి కూర్చునేది. అసలు ఆవిడ చేసే పనిలో ముప్పాతిక వంతు కూర్చోవడమే. రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చునేది, చలికి ముడుచుకున్న మనిషిలాగా. మే నెలలో కూడా అంతే. నేను మొదటిసారి చూసి ఒళ్ళు బాగాలేదేమో అనుకున్నాను.

"చేతులు ఊరుకోవు అబ్బాయ్," అంది. "పిల్ల గుండీ కోసం తడుముకుంటా ఉంటే ఈ చేతులు పోయి పెట్టేస్తాయి. అందుకని వీటిమీద నేను కూర్చుంటా."

తల్లుల చేతుల మీద కూర్చోలేదు కాబట్టి వాళ్ళకొక చెంబు ఇచ్చేది. అంచుదాకా నీళ్ళు పోసి, రెండు చేతులతో పట్టుకోమని, చుక్క ఒలకకూడదని, చూడటం అయ్యేదాకా నోరెత్తకూడదని చెప్పేది. "టీచరమ్మ వస్తాదంట, పోయి నీళ్ళు మొయ్యండే" అని ఒడ్డున ఆడవాళ్ళు ఒకరినొకరు ఎగతాళి చేసుకునేవాళ్ళు. కానీ ఇచ్చిన చెంబు ఎవరూ దించేవాళ్ళు కాదు.

చెంగమ్మ సంగతిలో నేను తలదూర్చడానికి కారణం నేను రాసిన వార్తే. సరస్సు ఒడ్డు పల్లెల్లో చదువులేక ఉండిపోతున్న మూగపిల్లల గురించి ఒకటిన్నర కాలం రాశాను. మద్రాసులో అట్లాంటి పిల్లల బడి నడిపే ఒకావిడ అది చూసి నాకు ఉత్తరం రాసింది. హాస్టల్లో ఒకే ఒక్క చోటుంది, ఎనిమిది నిండని ఆడపిల్ల అయితే తీసుకుంటాం, బడి తెరిచే లోపల ఫారం అందాలి, తన పనులు తాను చేసుకునే పిల్ల కావాలి, ఇక్కడ తినిపించేవాళ్ళు లేరు, అని. ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని నెలరోజులు తిరిగాను. ఆ చోటు నా సొంతమైనట్టు ఉండేది నాకు.

టీచరమ్మ మొదటి రెండుసార్లలో అంతా చూసింది, ఒక్కటి తప్ప. చెంగమ్మ తాళం తీసింది, చొక్కా గుండీలు పెట్టింది, గవ్వల్ని మూడు రకాలుగా కాక అయిదు రకాలుగా ఏరి ఆవిణ్ణే తికమక పెట్టింది. ఎన్ని మాటలు వచ్చు అనే ప్రశ్నకు ఎదురుగా ఆవిడ "నోటితో సున్న, చేతులతో నలభై ఒకటి, ఇంకా ఉన్నాయి" అని రాసింది. పీతకొక గుర్తు, పడవ వచ్చిందనడానికొకటి, రాలేదనడానికొకటి, గాలి తిరిగిందనడానికొకటి. ఇవన్నీ ఆ ఇంట్లోవాళ్ళూ ఆ పిల్లా కలిసి పుట్టించుకున్నవి. ఒక్కొక్క గుర్తుకూ పక్కన చిన్న బొమ్మ గీసింది. అంతటి మనిషి ఒక్క తిండి దగ్గర ఆగిపోయింది. రెండుసార్లూ కోటమ్మే ముద్దలు కలిపి నోట్లో పెట్టింది.

"వద్దంటే వినవేందమ్మా," అంది టీచరమ్మ.

"వచ్చినోళ్ళ ముందర తల్లి తినిపిచ్చకపోతే ఏమంటారు? మూగబిడ్డని కుక్కకేసినట్టు ఏసినారంటారు," అంది కోటమ్మ.

మూడోసారి ఇష్టమైన చోటికి కాక, తిండి చూడటానికని మళ్ళీ గుడిసెకే పోయింది; నేనూ వెంట వెళ్ళాను. మే నెలాఖరు. సరస్సు సగం ఇంకిపోయి ఒడ్డంతా ఉప్పు తేలి ఉంది. కోటమ్మ మామ, ముసలాయన, మమ్మల్ని పడవలో గెడవేస్తూ తీసుకువచ్చి, నీళ్ళు చాలని చోట దింపేశాడు. మోకాటిలోతు బురదలో ఆవిడ చీర ఎత్తికట్టుకుని, గొడుగు తెరిచే పట్టుకుని నడిచింది. గుడిసెలో కోటమ్మకు చెంబు ఇచ్చింది. నాకూ ఒకటి ఇచ్చింది. నేను నవ్వాను, ఆవిడ నవ్వలేదు. అన్నం, చేపల పులుసు పళ్ళెంలో పెట్టించి, చెంగమ్మ కూర్చున్న చోటికి మూరెడు దూరంలో పెట్టించింది. తర్వాత చేతులమీద కూర్చుంది.

చెంగమ్మ పళ్ళేన్ని చూసింది. తల్లిని చూసింది. టీచరమ్మను చూసింది. మళ్ళీ పళ్ళేన్ని చూసింది. కదల్లేదు. ఆకలిమీద ఉందని తెలుస్తూనే ఉంది, గుటకలు మింగుతోంది. ఈగలు వాలాయి, తోలింది. తోలడానికి చెయ్యి అంతదూరం పోయింది గానీ అన్నంలోకి పోలేదు. టీచరమ్మ మణికట్టు గడియారంలో పావుగంటయింది, అరగంటయింది. చెంబు బరువుకు నా భుజాలు లాగుతున్నాయి. నీళ్ళు ఇంకా తగ్గితే పడవ కదలదు. సాయంత్రం రైలుకు నేను వార్తలు అందించాలి. అన్నిటికన్నా, బుర్రనిండా తెలివి ఉన్న పిల్ల ఒక్క పళ్ళెం దగ్గర ఓడిపోతుంటే చూస్తూ కూర్చోవడం నావల్ల కాలేదు. చెంబు దించి, వంగి, ఆ పళ్ళేన్ని పిల్లవైపు జానెడు జరిపాను.

చెంగమ్మ నా మొహంలోకి ఒకసారి చూసి అన్నం కలుపుకుంది. ముల్లు తీసి పక్కన పెట్టుకుంటూ, మెతుకు కింద పడకుండా, మొత్తం తినేసింది. ఆ తర్వాత జరిగింది మొదటే చెప్పాను.

తిరుగు పడవలో నేను ఆవిడతో మాట్లాడలేదు. ముసలాయనే అడిగాడు, "ఏమయింది సామీ, పాపని తీసుకుంటారంటనా?" అని. జరిగింది చెప్పాను. ఆయన గెడ బురదలో గుచ్చి పడవ ఆపేశాడు.

"జరపకుండా ఎట్ట తింటాది అయ్యా?"

"అంటే?"

"ఒడ్డున చేపలు కుప్పలు పోస్తాం గదా. నేను ఎవురి కుప్ప వాళ్ళకాడికి జరిపినాకనే చెయ్యి పెట్టేది. మా నాయన కాలంనించీ మా ఇంట్లో అంతే. కూడుకాడా అంతే. పెద్దోళ్ళు పళ్ళెం జరపాల. జరపకముందే చెయ్యి పెడితే ఈపు పగలదా? అది పుట్టినకాడినించీ చూస్తా ఉండాది. మీరు లేనప్పుడు రోజూ దాని కూడు అదే తింటాది. మీరొస్తేనే మా కోడలు ముద్దలు పెడతాది, మర్యాదకి."

"మరి కోటమ్మ ఆ ముక్క చెప్పలేదేం?"

"నోరెత్తొద్దని మీరే గదా చెంబిచ్చినారు," అన్నాడు ముసలాయన.

నేను టీచరమ్మవైపు తిరిగాను. "విన్నారు కదా. ఇంకో ఫారం తీసి రాయండి."

"విన్నా," అంది. "చూళ్ళేదు."

"ఆయనకు అబద్ధం చెప్పాల్సిన పనేముంది?"

"అబద్ధమని నేనన్నానా? చెప్పింది రాసే పని నీది. నాది అది కాదు."

"అయితే పడవ తిప్పిస్తా. ఇప్పుడే చూడండి."

"ఇప్పుడే తిన్న పిల్ల మళ్ళీ ఏం తింటుంది? ఈరోజు జరిగింది అది మర్చిపోవాలి. పది రోజులు పడుతుంది. వచ్చే వారం కొడవలూరులో ఇద్దరు పిల్లల్ని చూస్తానని మాటిచ్చినా."

"ఒక్క టిక్కు టీచరమ్మా," అన్నాను.  "ఒక్క టిక్కు పెడితే ఆ పిల్ల బతుకు మారిపోతుంది."

ఆవిడ బురదైన చీర అంచు పిండుకుంది. "అరవైమంది పిల్లలు బల్లముందు కూర్చుంటారు. అక్కడ దీనికి పళ్ళెం జరిపేదెవరు? జరపమని అడిగేదానికి దీనికి ఏ గుర్తుందో నాకు తెలీదు. నలభై ఒకటిలో అది లేదు."

దానికి జవాబు నా దగ్గర ఇప్పుడు ఉంది. అరవైమంది మధ్య ఆకలిగా కూర్చున్న పిల్ల రెండోరోజు పక్క పిల్లను చూసి నేర్చుకుంటుంది, అయిదు రకాల గవ్వలు ఏరిన పిల్లకు అదొక లెక్కా, అని చెప్పాలి. పడవలో అది తట్టలేదు. తట్టినా, నేర్చుకోవడం నువ్వు చూశావా అని ఆవిడ అడిగి ఉండేది.

పదో రోజున ఆవిడ ఒక్కతే వెళ్ళింది. ముసలాయన కుప్పలు జరపడం చూసిందట, పళ్ళెం జరపడం చూసిందట. ఆ వారంలోనే నాకు మద్రాసునుంచి ఉత్తరం వచ్చింది. చోటు చిత్తూరువైపు పిల్లకెవరికో ఇచ్చేశామని. మీరు పంపుతామన్న ఫారం అందిందనీ లేదు, అందలేదనీ లేదు. నేను ఆ ఉత్తరం తీసుకుపోయి టీచరమ్మ బల్లమీద పెట్టి, కూర్చోమన్నా కూర్చోకుండా వచ్చేశాను. తర్వాత ఏడాదికి చెంగమ్మకు ఎనిమిది దాటిపోయింది. ఆ బడికి మళ్ళీ రాయడానికి ఏమీ లేకపోయింది. వీలైన శనివారమల్లా టీచరమ్మ పలకొకటి సంచీలో పెట్టుకుని ఆ గుడిసెకు పోతోందని వింటూ ఉండేవాణ్ణి. నేను మాత్రం ఆ వైపు పోలేదు.

ఆవిడ పోయాక వాళ్ళ తమ్ముడి కూతురు కబురు చేసింది. కాగితాలు పెట్టెనిండా ఉన్నాయి, పేపరుకేమన్నా పనికొస్తాయేమో చూడమని. టీచరమ్మ ప్రతి ఫారానికీ కార్బను పెట్టి రాసేది. పై కాగితం పంపేసి, నీలం నకలు దాచుకునేది. చెంగమ్మవి రెండు కలిపి కుట్టి ఉన్నాయి. ఒకటి ఆనాడు చించిన కాగితం. నాలుగు ముక్కల్నీ గంజితో అట్టమీద అతికించింది. రెండోది పదో రోజు రాసిన దాని నకలు. దాంట్లో ఒక్క వరసలో తప్ప అన్నిటిలోనూ టిక్కులున్నాయి. అడుగున "కుప్పలు జరపడం చూసినాను. తాత చెప్పింది నిజం. తల్లిని మాట్లాడనివ్వకపోవడం నా పొరపాటు" అని ఉంది. ఆ మాట నాతో ఒక్కసారి అని ఉంటే ఈ పదేళ్ళూ నేను ఆ వీధి తప్పించుకుని తిరిగేవాణ్ణి కాదు.

చావు కబురు చెప్పడానికి ఆ పల్లెకు పోయాను. కోటమ్మకు చెబితే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చెంగమ్మ ఎదిగింది, తల్లి పక్కన రొయ్యలు ఏరుతోంది. ఎవరి గురించి మాట్లాడుతున్నామని చేత్తో అడిగింది. కోటమ్మ రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని ఒకసారి కూర్చుని చూపింది. చెంగమ్మకు అర్థమైంది. తనూ అట్లాగే చేతులు తొడల కింద పెట్టుకుని, చాలాసేపు తియ్యలేదు.

"అన్నా, ఆ కాగితం ఆకరికి మద్రాసుకి పోయినట్టా, పోనట్టా?" అని అడిగింది కోటమ్మ. "అడిగితే ఆమె చెప్పేది కాదు."

నకలొకటే ఉంది కాబట్టి పైది పంపే ఉంటుందని అన్నాను. మద్రాసు బడికి రాసి చూశాను కూడా. చేర్చుకోని పిల్లల కాగితాలు దాచడం లేదని జవాబు వచ్చింది. తనంతట తాను తింటుందా అన్న వరసలో టీచరమ్మ కార్బను తీసేశాక పైకాగితంలో ఏమన్నా పెట్టిందో లేదో తెలిసే దారి లేదు. నకలులో ఆ వరసకు మూడు గళ్ళూ ఖాళీగా ఉన్నాయి.